కోడెక్

ధ్వనిని సంకేతరూపమునకు మార్చు ‘కోడర్’, ఆ సంకేతమును మరల ధ్వనిగా విప్పు ‘డీకోడర్’ అను రెండు ఆంగ్లపదముల ఆదిభాగములు కలిసి ‘కోడెక్’ అయినది. ఇంజనీర్ల పరిభాషకు పరిమితమైయుండిన యీ పదము నేడు కోనసీమలోని రాజోలు సెల్‌ఫోను దుకాణములలో బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టెలపైకెక్కినది.

పాటకైనచో ఫోనుకును ఇయర్‌బడ్స్‌కును సమముగ తెలిసిన కోడెక్కే పనిచేయును. లేనిచో ఈ పరికరములన్నిటియందును విధిగా నుండు ఎస్‌బీసీ కోడెక్కే దిక్కు. సోనీవారి ఎల్‌డాక్ సెకనుకు 990 కిలోబిట్ల వరకు పంపును. సీడీలోని 1,411 కిలోబిట్లకు అదియును తక్కువయే.

అయితే, కువైటులోనున్న పెనిమిటితోనో కుమారునితోనో మాటలాడు కోనసీమ ఇల్లాలికి ఈ అంకెలు అక్కరకు రావు. క్షణము ముందు పాటను మధురముగ వినిపించిన పరికరమే, మైకు తెరచుకొనగానే, ఇరువైపుల ధ్వనిని మోయవలసివచ్చి, సంభాషణకై వేరుగ నిర్ణీతమైన కోడెక్‌కు మారును. అది పాత సీవీఎస్‌డీ యైనచో 4 కిలోహెర్ట్జ్ లోపలి స్వరమునే మోయుటచేత, స, శ వంటి ఊష్మాక్షరముల పదును నశించి, ఆత్మీయుల కంఠమే అన్యమైనట్లు తోచును. ఎంఎస్‌బీసీయందు ఆ పరిధి ఇంచుమించు రెట్టింపగును. ప్రకటనలు పాట కోడెక్కులనే పొగడుట నాకు అన్యాయముగ తోచును. ఏండ్లతరబడి ఫోనులోనే కాపురము సాగు ఈ సీమలో ముందడుగవలసినది మాట కోడెక్‌ను గూర్చియే. 2020లో ప్రకటితమైన బ్లూటూత్ ఎల్‌ఈ ఆడియోలోని ఎల్‌సీ3 కోడెక్ పాటకును మాటకును ఉపయోగపడును; అయితే ఫోనును ఇయర్‌బడ్సును రెండును దాని నెరిగియుండవలెను.