బానెట్ కింది తారీఖ్

తారీఖ్ అనగానే మనకు కోటలు, సుల్తానులు, ఫర్మానులు గుర్తొస్తాయి. ఈసారి నేను అంబాసిడర్ కారు బానెట్ కింద ఉన్న తారీఖ్ రాస్తున్నాను. మన తెలుగు ఊళ్లలో ఎన్నో ముస్లిం కుటుంబాల రోజీ రోటీ ఆ బానెట్ కిందే నడిచింది. లారీల అడ్డా దగ్గర ఓ చిన్న ఆటో ఎలక్ట్రికల్ దుకాణం, అందులో ఓ ఉస్తాద్, ఇద్దరు షాగిర్దులు. ఈ దృశ్యం తెలియని వాళ్లు మనలో తక్కువే. ఆ హునర్ ఎక్కడి నుంచి వచ్చిందో మన పిల్లలకు చెప్పాలి కదా!

అంబాసిడర్ అసలు వతన్ ఇంగ్లండ్. అక్కడి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాను హిందుస్తాన్ మోటార్స్ తెచ్చుకుని, 1950ల చివర్లో కలకత్తా దగ్గరి ఉత్తరపారలో తయారీ మొదలుపెట్టింది. 2014 దాకా అది సాగింది. బండితోపాటు దాని వైరింగ్ పద్ధతి కూడా వచ్చింది. బ్రిటిష్ కార్లకు కరెంటు సామాను ఎక్కువగా చేసింది బర్మింగ్‌హామ్‌లోని లూకాస్ కంపెనీ. 1961లో అదే లూకాస్, టీవీఎస్‌తో కలిసి మద్రాసు పాడిలో లూకాస్ టీవీఎస్ పెట్టింది.

లూకాస్ పద్ధతికి జాన్ దాని రంగులే. గోధుమ రంగు వైరులో బ్యాటరీ కరెంటు ఫ్యూజు లేకుండా ఎప్పుడూ ఉంటుంది. తెల్లదానిలో తాళం తిప్పాకే వస్తుంది. అదే కరెంటు ఫ్యూజు దాటితే ఆకుపచ్చ. ఊదాలో ఫ్యూజు దాటిన కరెంటు ఎప్పుడూ ఉంటుంది. ఎరుపు సైడు లైట్లకు, నీలం హెడ్‌లైట్లకు, నలుపు ఎర్తుకు. ఇంగ్లీషులో ఒక్క హరఫ్ రాని షాగిర్దు కూడా ఈ ఏడు రంగులతో బండిని చదివేసేవాడు. మా చాచా దగ్గర టెస్ట్ లాంపు పట్టుకున్న రోజుల్లో నేనూ అలాగే చదివాను.

ఉస్తాదులు నేర్పే తొలి సబక్ ఒకటే: ముందు ఎర్తు చూడు. ఈ బండ్లలో కరెంటు తిరిగి వెళ్లే దారి బాడీ ఇనుమే. అక్కడ తుప్పు పట్టిందంటే లైట్లు మసకబారతాయి. ఇండికేటర్ వేస్తే వెనక లైటు కూడా కొట్టుకుంటోందా? ఆ లాంపు ఎర్తు పోయినట్టే. సెల్ఫ్ కొడితే చోక్ తీగ వేడెక్కుతోందా? ఇంజిన్‌ను బాడీతో కలిపే ఎర్తు పట్టీ తెగింది, కరెంటు చోక్ తీగలోంచి దారి వెతుక్కుంటోంది. మీటరు ఒక కొనను బ్యాటరీ ఎర్తు కొమ్ముకి, రెండో కొనను ఇంజిన్ ఇనుముకి ఆనించి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే మర్జ్ ఆ దారిలోనే ఉంది. ఇలాంటి బండికి కొత్త బ్యాటరీ కొనడం పైసలు దండగ.

ఇంకో ముఖ్యమైన మాట. మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లో ప్లస్ కొమ్ము ఎర్తు. తర్వాత కార్లన్నీ మైనస్ ఎర్తుకు మారాయి. డైనమో తీసి ఆల్టర్నేటర్ వేయించేటప్పుడు ఇది చూడకుండా బ్యాటరీ కలిపితే లోపలి డయోడ్లు క్షణంలో మాడిపోతాయి. ఇక డైనమో ఉన్న బండిలో ఇంజిన్ నిదానంగా తిరుగుతుంటే ఛార్జింగ్ ఎర్రలైటు వెలగడం ఐబు కాదు, దాని మిజాజే అంత. వేగం పెరిగినా ఆరకపోతేనే ఫికర్ చేయాలి.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఫ్యూజుల సంగతి. పాత లూకాస్ డబ్బాలో ఉండేవి రెండే ఫ్యూజులు. అది మాటిమాటికీ పోతోందని సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టేవాళ్లను, లావు రాగితీగ వేసేవాళ్లను చూశాను. అప్పుడు కాలాల్సిన ఫ్యూజు కాలదు, వైరు కాలుతుంది. దాని వెంట బండి, ఒక్కోసారి అందులోని ఇన్సాన్ కూడా. ఖాబిల్ ఉస్తాద్ ఫ్యూజు మార్చే ముందే అది ఎందుకు పోయిందో వెతుకుతాడు. డోరు దగ్గర ఒరిపిడికి తొడుగు అరిగిన వైరు బాడీకి తగులుతోందా, ఎవరైనా తర్వాత వేసిన హారన్ అదే ఫ్యూజు మీద బరువు వేస్తోందా అని చూస్తాడు.

ఈ ఇల్మ్ చాలావరకు కాగితం మీద లేదు, పెద్దల చేతుల్లో, నోళ్లలో ఉంది. వాళ్ల పిల్లలు వేరే ఉద్యోగాల్లోకి వెళ్లారు, అది సంతోషమే. మీ ఖాందాన్‌లో అలాంటి ఉస్తాద్ ఉంటే ఈ జుమా తర్వాత ఆయన పక్కన కూర్చోండి. ఏ రంగు వైరు ఎక్కడికి వెళ్తుందో ఆయన చెబుతుంటే తెలుగులోనో ఉర్దూలోనో రాసిపెట్టండి. మన కష్టజీవుల తారీఖ్‌ను మనం కాక ఇంకెవరు రాస్తారు?