గుండె ధమనుల వ్యాధి: చిత్రణ పరీక్షలతో ముప్పు అంచనా

గుండె కండరానికి రక్తం తెచ్చే కరోనరీ ధమనుల్లో కొవ్వు పేరుకున్న రోగికి ముందుముందు గుండెపోటుగాని, హఠాన్మరణంగాని వచ్చే అవకాశం ఎంతో గుండె బొమ్మలు చూసి అంచనా కట్టే వైద్య పద్ధతి ఇది. ఎకో, యాంజియోగ్రామ్, న్యూక్లియర్ స్కాన్, సీటీ, ఎంఆర్ఐ దీని సాధనాలు. జబ్బు ఉందో లేదో తేల్చడం ఒక పని. ఉన్నవాళ్లలో ప్రాణాపాయం ఎవరికి ఎక్కువో తేల్చడం అంతకంటే కష్టమైన పని. వైద్యులు మొదటి పని నుంచి రెండోదానికి చేరుకున్న క్రమమే ఈ చరిత్ర.

ధమనుల బొమ్మ మొదట అనుకోకుండా దొరికింది. 1958 అక్టోబరు 30న అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మేసన్ సోన్స్ అనే వైద్యుడు కవాట జబ్బున్న 26 ఏళ్ల యువకుడికి పరీక్ష చేస్తున్నాడు. మహాధమనిలోకి రంగు మందు ఎక్కించబోతే గొట్టం కొస జారి కుడి కరోనరీ ధమనిలో దూరింది. అంత మందు నేరుగా ఆ ధమనిలోకి వెళితే మనిషి దక్కడని అప్పటి వైద్యుల నమ్మకం. గుండె కొన్ని క్షణాలు ఆగింది. సోన్స్ రోగిని గట్టిగా దగ్గమన్నాడు. దగ్గాడు, గుండె మళ్లీ కొట్టుకుంది. ఆ గండం గడిచాక ఫిల్ములో ధమని స్పష్టంగా కనిపించింది. నేటి యాంజియోగ్రామ్ అక్కడ పుట్టిందే. 1967లో అదే ఆస్పత్రిలో రెనె ఫవలోరో బైపాస్ ఆపరేషన్లు మొదలుపెట్టాడు, 1977లో ఆండ్రియాస్ గ్రుంట్జిగ్ జ్యూరిక్‌లో బెలూన్ చికిత్స చేశాడు. రెండింటికీ ఆధారం ఈ బొమ్మే.

దాంతో ‘ఎన్ని బ్లాకులు, ఎంత శాతం’ అన్నదే ముప్పుకు కొలమానమైపోయింది. మన ఊళ్లలో నేటికీ రోగి బంధువులు డాక్టరును ముందుగా అడిగేది అదే. ఈ కొలమానం చాలదని 1988లో విలియం లిటిల్ బృందం చూపింది. ముందొకసారి యాంజియోగ్రామ్ చేయించుకుని, తర్వాత గుండెపోటు వచ్చి ధమని కొత్తగా మూసుకుపోయిన 29 మంది బొమ్మలను వాళ్లు పోల్చి చూశారు. 19 మందిలో చివరికి మూసుకుపోయిన ధమని మొదటి బొమ్మలో సగం కూడా ఇరుకు కాలేదు. పెద్ద బ్లాకు ఛాతీనొప్పి తెస్తుంది, కానీ పగిలి రక్తం గడ్డకట్టించే కొవ్వు పొర చాలాసార్లు చిన్నదే, పైకి అనుమానం రానిదే.

రెండో దారి గుండె కండరాన్నే చూడటం. స్వీడన్‌లోని లుండ్ నగరంలో ఇంగె ఎడ్లర్ అనే వైద్యుడు, హెల్ముట్ హెర్ట్జ్ అనే భౌతిక శాస్త్రవేత్త 1953లో అల్ట్రాసౌండ్‌తో గుండె కదలికను నమోదు చేశారు. లోహంలో పగుళ్లు పట్టే యంత్రమే వాళ్ల తొలి ఆధారం. దాని వారసురాలైన 2డి ఎకో గుండె ఒక్కో దెబ్బకు ఎంత శాతం రక్తాన్ని బయటికి నెడుతోందో చెబుతుంది. డాక్టర్లూ రోగులూ దాన్నే ‘పంపింగ్’ అంటున్నారు. గుండెపోటు తర్వాత పంపింగ్ 40 శాతం కంటే తగ్గినకొద్దీ మరణాల రేటు వేగంగా పెరుగుతుందని 1983లో అమెరికాలోని పలు ఆస్పత్రుల ఉమ్మడి అధ్యయనం తేల్చింది. 2002 నాటి మాడిట్-2 అధ్యయనం ఆ అంకెను చికిత్సతో ముడిపెట్టింది. పంపింగ్ 30 శాతానికి మించని 1,232 మంది పాత గుండెపోటు రోగుల్లో, లయ తప్పిన గుండెను షాకుతో సరిచేసే డీఫిబ్రిలేటర్‌ను ఛాతీలో అమర్చినవాళ్లలో 14.2 శాతం, అమర్చనివాళ్లలో 19.8 శాతం చనిపోయారు. ఒక బొమ్మలోని అంకె ప్రాణం నిలిపిందనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం ఈ రంగంలో అరుదు.

1970ల మధ్యలో థాలియం స్కాన్ వచ్చింది. శ్రమలో ఉన్నప్పుడు కండరంలో ఏ భాగానికి రక్తం అందడం లేదో అది చూపిస్తుంది. రక్తం చాలని భాగం పదో వంతు దాటితే స్టెంటో (ధమనిని తెరిచి ఉంచే చిన్న గొట్టం) బైపాసో మేలని పాతికేళ్ల కిందటి పరిశీలనలు నమ్మించాయి. భారతీయ రోగులు కూడా పాల్గొన్న ఇస్కీమియా అధ్యయనం ఆ నమ్మకాన్ని 2020లో సడలించింది. నిలకడగా ఉన్న 5,179 మందిలో ముందే ఆపరేషన్‌కో స్టెంటుకో వెళ్లినవాళ్లకూ, మొదట మందులతో నెట్టుకొచ్చినవాళ్లకూ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ముప్పును సరిగ్గా చెప్పింది రక్తం అందని భాగం పరిమాణం కాదు, సీటీలో కనిపించిన వ్యాధి విస్తృతి.

ఆ సీటీ కథ 1990లో ఆర్థర్ అగాట్‌స్టన్, వారెన్ జానోవిట్జ్ తయారుచేసిన, ధమనుల గోడల్లో పేరుకున్న సున్నాన్ని కొలిచే కాల్షియం స్కోరుతో మొదలైంది. స్కోరు సున్నా అయితే ముప్పు బాగా తక్కువ, 400 దాటితే ఎక్కువ. స్కాట్లాండ్‌లో 4,146 మందితో జరిగిన స్కాట్-హార్ట్ అధ్యయనంలో, మామూలు పరీక్షలకు తోడు సీటీ యాంజియో చేయించుకున్నవాళ్లలో అయిదేళ్లలో గుండె ధమనుల వ్యాధి మరణాలు, గుండెపోట్లు కలిపి 2.3 శాతం, మిగిలినవాళ్లలో 3.9 శాతం. బొమ్మ చూశాక సరైన మందులు రాయడం, రోగి వాటిని మానకుండా వాడటం ఇందుకు కారణమని పరిశోధకులు భావించారు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఈ కథలోకి వేరే తోవన వస్తాడు. 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన కండరాల్లో శక్తిని నిల్వ ఉంచే ఫాస్ఫోక్రియేటిన్‌ను కనుగొన్నాడు. 1990లో అమెరికా వైద్యులు అదే పదార్థాన్ని అయస్కాంత పరికరంతో గుండెలో కొలిచారు. ధమనులు ఇరుకైన రోగులు చేతి పిడిని నొక్కి పట్టుకున్నప్పుడు అది తగ్గింది. పెద్ద బ్లాకులు లేని స్త్రీలలోనూ ఆ తగ్గుదల రానున్న ఇబ్బందులకు సూచన అని 2004లో తేలింది.

తెలుగు నేల మీద ముందుగా తెలియాల్సి వచ్చింది జబ్బు ఎంతగా పాకిందన్నది. 2003–04లో గోదావరి ప్రాంతంలోని 45 గ్రామాల్లో మరణాలను లెక్కించిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య అధ్యయనంలో సుమారు మూడో వంతు చావులకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణమయ్యాయి. హైదరాబాదు చేరువలోని 29 పల్లెల్లో 1987–90లో జాతీయ పోషకాహార సంస్థ చేపట్టిన ప్రయోగం తర్వాతి దశల్లో రక్తనాళాల పరీక్షగా ఎదిగింది. అక్కడి తల్లిదండ్రులకూ పిల్లలకూ మెడ ధమని గోడ మందాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిచారు. చిత్రణ పరీక్ష పల్లెలకు వెళ్లిన అరుదైన సందర్భం అది. దక్షిణాసియా వాళ్లకు తొలి గుండెపోటు సగటున 53వ ఏట, మిగతా ప్రపంచంలో దాదాపు 59వ ఏట వస్తుందని ఇంటర్‌హార్ట్ అధ్యయనం చెప్పింది. అందుకే పరాయి జనాభాను చూసి కట్టిన అంచనాలను యథాతథంగా మనవాళ్లకు అన్వయించడం ప్రమాదం.

హైదరాబాదులో నిమ్స్ ఆస్పత్రి ఈ వైద్యానికి ప్రధాన ప్రభుత్వ కేంద్రం. అక్కడ పనిచేసిన గుండె వైద్యుడు బి.సోమరాజు, శాస్త్రవేత్త అబ్దుల్ కలాంతో కలిసి 1990లలో చవక స్టెంటు తయారుచేయించాడు. 2007లో మొదలైన ప్రభుత్వ ఆరోగ్య పథకం ఆరోగ్యశ్రీ పేదలకు స్టెంటును అందుబాటులోకి తెచ్చింది. ఖమ్మం జిల్లా ఆస్పత్రిలో 2022లో యాంజియోగ్రామ్ చేసే క్యాథ్‌ల్యాబ్ ప్రారంభమైంది. ఖమ్మానికీ కొత్తగూడేనికీ మధ్య, అడవి అంచున ఉన్న ఏన్కూరు మండలపు మిర్చి రైతుకు, కూలికి ఇది పెద్ద మార్పు. యాంజియోగ్రామ్ కోసం హైదరాబాదు దాకా పోవాల్సిన దూరం తగ్గింది.

అయినా స్టెంటు పడటంతో ముప్పు అంచనా పూర్తి కాదు. గుండెపోటు వచ్చిన రోజుల్లో సొమ్మసిల్లిన కండరం కొంత తేరుకుంటుంది. అందుకే డీఫిబ్రిలేటర్ అవసరమా అన్న నిర్ణయానికి కనీసం 40 రోజులు ఆగి మళ్లీ పంపింగ్ చూడాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. సీటీ, ఎంఆర్ఐ అందని చోట ఈ రెండో ఎకోయే అన్నిటికంటే విలువైన పరీక్ష. గుండెపోటు నుంచి బయటపడి ఇంటికి చేరినవాళ్లు మందులు మానకుండా, మొదటి ఎకో రిపోర్టు వెంట తీసుకుని, ఆ రెండో పరీక్ష తప్పక చేయించుకోవాలి.