ఇంటి మాటకు సాక్ష్యం

ఇంటిపేరు తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. మగవారి కణాల్లోని వై క్రోమోజోమ్‌దీ అదే దారి. తరాలు గడిచినా అది దాదాపు మారదు. పితృవంశాన్ని వెతికేవారికి అందుకే ఆధారమైంది.

అమెరికా మూడవ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఇంట శాలీ హెమింగ్స్ బానిస. ఆమె బిడ్డలకు ఆయనే తండ్రి అన్న మాట 1802లోనే పత్రికకెక్కింది. ఆమె కొడుకు మాడిసన్ 1873లో అదే చెప్పాడు. చరిత్రకారులు చాలామంది నమ్మలేదు. జెఫర్సన్ మేనల్లుళ్లైన కార్ సోదరుల మీదికి నెట్టారు.

జెఫర్సన్‌కు భార్య వల్ల కలిగిన కొడుకు బతకలేదు. కనుక ఆయన పెదతండ్రి వంశంలోని ఐదుగురు మగవారి రక్తం పరీక్షించారు. శాలీ చిన్న కొడుకు ఈస్టన్ వంశీకుడితో అది సరిపోయింది. కార్ వంశంతో సరిపోలేదు. ఈ ఫలితం 1998లో ‘నేచర్’లో అచ్చయింది. తామూ శాలీ సంతతేనని తరతరాలుగా చెప్పుకున్న ఉడ్సన్ కుటుంబానికి మాత్రం పొత్తు కుదరలేదు.

పరీక్ష తేల్చింది వంశాన్నే, మనిషిని కాదు. జెఫర్సన్ తమ్ముడిదీ అదే క్రోమోజోమ్ కదా! శాలీ గర్భం దాల్చిన రోజుల్లో జెఫర్సన్ మాంటిసెల్లోలోనే ఉన్నట్టు పాత కాగితాలు చూపాయి. అన్నీ కలిపి చూశాకే, ఆమె ఆరుగురు బిడ్డలకూ బహుశా ఆయనే తండ్రి అని 2000లో మాంటిసెల్లో సంస్థ ఒప్పుకుంది. సంతకం కలిస్తే చాలదు, ఖాతా పుస్తకమూ తిరగెయ్యాలి.

తండ్రి పేరు ఇనీషియలై ఇంటిపేరు జారిపోతున్న తమిళనాట మనకిది పట్టించుకోవలసిన సంగతి. రక్తం రేపైనా ఇవ్వవచ్చు. ఏ ఊరినుంచి వచ్చామో చెప్పే పెద్దల మాట మాత్రం ఇవాళే రాసిపెట్టుకోవాలి.