బొమ్మల కథ ఎవరి సొత్తు?

విద్యార్థులారా! సూపర్‌మ్యాన్ మీకు తెలిసే ఉంటాడు. 1938లో ఆ పాత్రపై హక్కులను సృష్టికర్తలు జెర్రీ సీగెల్, జో షుస్టర్ కేవలం 130 డాలర్లకు ప్రచురణకర్తకు ఇచ్చేశారు. కంపెనీ వారికి పింఛను ఇచ్చింది 1975లో! వాళ్లు అమాయకులనుకోకండి. అచ్చుయంత్రం, కాగితం, దుకాణాలకు చేరవేసే ఏర్పాటు అన్నీ ప్రచురణకర్త చేతిలోనే ఉండేవి. పాఠకుణ్ణి చేరడానికి వారికి మరో దారి కనబడలేదు.

ఇంటర్నెట్ ఆ దారి చూపింది. 1993లో డేవిడ్ ఫార్లీ 'డాక్టర్ ఫన్' కార్టూన్లను వెబ్‌లో పెట్టసాగారు. ఇక్కడ ఒక విషయం గమనించండి. అచ్చులో ప్రతి అదనపు ప్రతికీ కాగితం, సిరా, రవాణా ఖర్చు తప్పదు. కంప్యూటర్ ఫైలుకు నకలు తీయడానికి దాదాపు ఖర్చే లేదు.

మరి బొమ్మ ఉచితమైతే గీసినవారు బతికేదెలా? నాసాలో పనిచేసిన భౌతికశాస్త్ర పట్టభద్రుడు రాండల్ మన్రో 2005లో 'ఎక్స్‌కేసీడీ' ప్రారంభించారు. నాలుగు గీతలతో వేసిన మనుషులే పాత్రలు. (బొమ్మలు రాని నావంటి వారికి ఇదో ఊరట!) వ్యాపారానికి కాకపోతే ఎవరైనా వాడుకోవచ్చన్నారు, హక్కు మాత్రం వదులుకోలేదు. టీషర్టులు, పుస్తకాలు అమ్మి జీవనం సాగించారు.

మన దేశంలో నాగపూర్‌కు చెందిన రోహన్ చక్రవర్తి దంతవైద్యం చదివి, 2010లో 'గ్రీన్ హ్యూమర్' పేరిట వన్యప్రాణుల కామిక్స్ మొదలుపెట్టారు. ముందుగా ఇంటర్నెట్‌లో కనిపించిన ఆ బొమ్మలను తరువాత దినపత్రికలూ అడిగి వేసుకున్నాయి.