నడినెత్తిన పిల్లలకోడి

కార్తీకంలో అవనిగడ్డ దాటి కృష్ణ కరకట్ట ఎక్కండి. ఊరి దీపాలు వెనకబడ్డాక తలెత్తితే అర్ధరాత్రి వేళ నడినెత్తికి రవ్వంత ఉత్తరంగా చిన్న చుక్కల గుంపు కనిపిస్తుంది. పంచాంగంలో కృత్తికలు, పల్లెల్లో పిల్లలకోడి.

పక్కనే మోపిదేవిలో పాము చుట్టలే పానవట్టంగా వెలసిన సుబ్రహ్మణ్యేశ్వరుడు ఈ చుక్కల బిడ్డే. రెల్లుపొదల్లో దొరికిన పసివాడికి ఆరుగురు కృత్తికలూ పాలివ్వబోతే, ఎవరినీ చిన్నబుచ్చకుండా ఆరు ముఖాలు దాల్చాడంటారు. అందుకే కార్తికేయుడు.

అవే చుక్కలను మెక్సికో లోయలో అజ్టెక్‌లు ‘సంత’ అని పిలిచేవారు. వాళ్ల లెక్కలో ఇది అయిదో సూర్యుడి లోకం. మొదటిదాన్ని జాగ్వార్‌లు తిన్నాయి. రెండోది గాలికి, మూడోది నిప్పులవానకు పోయింది. నాలుగోది నీళ్లపాలైంది, మనుషులు చేపలయ్యారట. చీకట్లో మిగిలిన దేవతలు టియోటివాకాన్‌లో గుండం రగిల్చారు. నగలు దిగేసుకున్న ఒక దేవుడు అందులో దూకబోయి నాలుగుసార్లు వెనక్కి తగ్గాడు. ఒళ్లంతా పుళ్లున్న నానావాట్సిన్ కళ్లు మూసుకుని దూకి సూర్యుడయ్యాడు. సిగ్గుతో వెనకాలే దూకినవాడు చంద్రుడు. వాడి వెలుగు తగ్గించడానికి ముఖాన కుందేలును విసిరారు. మన శశాంకుడిలో ఉన్నదీ కుందేలే!

వాళ్ల 260 రోజుల పంచాంగం, 365 రోజుల పంచాంగం 52 ఏళ్లకోసారి కలిసేవి. ఆ రాత్రి ఊరూరా పొయ్యిలు ఆర్పేసేవారు, పాత కుండలు పగలగొట్టేవారు. నిద్రపోతే ఎలుకలైపోతారని పిల్లల్ని గిచ్చి లేపేవారు. కొండ మీద పూజారుల చూపంతా కృత్తికల మీదే. అవి నడినెత్తి దాటితే లోకం నిలిచినట్టు. వెంటనే ఒక బందీ రొమ్ము మీద కొయ్య మథించి కొత్త నిప్పు పుట్టించేవారు. చివరిసారి అలా చేసింది 1507లో. 1521లో స్పెయిన్ సేనలకు వాళ్ల రాజధాని చిక్కింది.

నాలుగో లోకం నీళ్లపాలైందన్న మాట అవనిగడ్డ, మోపిదేవి ఉన్న ఈ దివిసీమకు పుక్కిటి పురాణం కాదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది, అదీ కార్తీకమే. ఆ రాత్రి మబ్బు తప్ప చుక్క లేదు. తాటిచెట్టంత కెరటం లేచిందని పెద్దలు ఇప్పటికీ చెబుతారు. వేలమంది పోయారు.

అజ్టెక్‌లకు కృత్తికలు దాటితే 52 ఏళ్ల భరోసా. మనకు ఏడాది గడువే. అయినా ప్రతి కార్తీకంలో తెల్లవారకముందే రేవులో మునిగి, అరటిదొప్పలో ఒత్తి వెలిగించి వదులుతారు. ఊళ్లను మింగిన ఆ నీటి మీదికే.