సొంత ఖర్చుతో పుస్తకం

కొనకనమిట్లలో రిటైరైన అయ్యవారెవరైనా శతకం రాసి అచ్చేయించుకోవాలంటే డీటీపీకి పొదిలో మార్కాపురమో, ప్రింటింగుకు ఒంగోలో విజయవాడో పట్టుకోవాలి. ఎక్కడెక్కడి బడులకో పలకలు పంపిన సీమ ఇది, అచ్చుకు మాత్రం పొరుగూరి ప్రయాణం తప్పదు. తీరా పుస్తకం వచ్చాక "సొంత డబ్బు పెట్టి వేసుకున్నాడంట" అనే పెదవి విరుపు ఒకటి. మన సాహిత్య చరిత్ర తెలిసినవాళ్లు అనాల్సిన మాట కాదది.

పూర్వం భారం మోసేవాడు కృతిభర్త. ఎర్రన హరివంశాన్ని అద్దంకి ప్రోలయ వేమారెడ్డికి అంకితమిచ్చాడు. అచ్చు వచ్చాక రాజులు పోయి చందాదారులొచ్చారు. ఇక్కడ చూడాల్సింది వీరేశలింగాన్ని. 1874లో వివేకవర్ధని పెట్టి, మొదట మద్రాసులో అచ్చు వేయించి, తర్వాత రాజమండ్రిలోనే ప్రెస్సు ఏర్పాటు చేసుకున్నాడు. రాజశేఖర చరిత్రము 1878 నుంచి ఆ పత్రికలో వచ్చి, 1880లో పుస్తకమైంది. అంటే ముందు పాఠకులు, తర్వాత పుస్తకం. మనవాళ్లు చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. పేరున్న కవికీ అచ్చు తేలిక కాలేదు, శ్రీశ్రీ మహాప్రస్థానం సంగతి అందరికీ తెలిసిందే: చలం ముందుమాట 'యోగ్యతాపత్రం' 1940లో సిద్ధమైతే, బందరులో నళినీకుమార్ చేతిమీదుగా పుస్తకం వచ్చింది 1950లో.

వెయ్యి ప్రతులు వేయడం లెటర్‌ప్రెస్ నాటి అలవాటు. సీసపు అక్షరాలు పేర్చి, ఫారం అచ్చయ్యాక విడదీసేవాళ్లు. మళ్లీ కావాలంటే మళ్లీ పేర్చాల్సిందే. అందుకని ఒక్కసారే వేసుకోవడం లాభం. డిజిటల్ ప్రింటింగులో వంద కాపీలు కూడా వేస్తున్న ఈ రోజుల్లో ఆ లెక్క దేనికి? మంచం కింద అట్టపెట్టెల్లో చెదలకు అంకితమిచ్చిన కావ్యాలు ఊరూరా ఉన్నాయి. కొనేవాళ్ల పేర్లు ముందు కాగితం మీద రాసుకోండి, ఆ పైన పాతిక కలపండి, చాలు. ఆఫ్‌సెట్‌కే వెళ్తే పేజీలు పదహారు లెక్కన కుదిరేలా చూసుకోండి: 128 పేజీలంటే సరిగ్గా ఎనిమిది ఫారాలు, 130 అయితే ఆ రెండు పేజీలకూ అదనపు ఖర్చే. ప్రూఫులు మీరే దిద్దండి. లేకపోతే మన పడమటి యాస మాటలను ఎవరో "సరిచేసి" పెడతారు.

డీటీపీ ఎక్కువగా అను ఫాంట్లలో జరుగుతుంది. అది యూనికోడ్ కాదు, మార్చినప్పుడు ఒత్తులు చెదురుతాయి. పీడీఎఫ్‌తో పాటు అసలు ఫైలూ అడిగి తీసుకోండి. 2010లో కినిగె వచ్చాక తెలుగు ఈ-పుస్తకానికి ఒక అంగడి దొరికింది. 2016లో అమెజాన్ కిండిల్‌లో అయిదు భారతీయ భాషలు తెచ్చినప్పుడు అందులో తెలుగు లేదు.

ఐఎస్‌బీఎన్‌కు రుసుము లేదు, కేంద్ర విద్యాశాఖ కింది రాజా రామమోహన్ రాయ్ ఏజెన్సీ ఇస్తుంది. కాపీరైట్ రిజిస్ట్రేషన్ లేకపోయినా రచయితదే, చనిపోయాక మరో 60 ఏళ్లు వారసులది. సొంతంగా వేసుకున్నవాడే చట్టం దృష్టిలో ప్రచురణకర్త కూడా. 1954 చట్టం ప్రకారం 30 రోజుల్లో కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా వంటి మరో మూడింటికి సొంత ఖర్చుతో ప్రతులు పంపాలి. అవి పంపాక ఒకటి మార్కాపురం గ్రంథాలయానికి, ఒకటి మీ ఊరి హైస్కూలుకు ఇవ్వండి.