కెనెడీ వీరులకే ప్రవేశం లేని పోటీ

అమెరికాలో హైస్కూలు పిల్లలకు కెనెడీ లైబ్రరీ ఫౌండేషన్ ఏటా ఓ వ్యాసరచన పోటీ పెడుతుంది. ఓట్లు పోతాయని తెలిసీ నమ్మినదానికి కట్టుబడ్డ ప్రజాప్రతినిధి ఒకరి గురించి 700 నుంచి 1,000 పదాల్లో రాయాలి. మొదటి బహుమతి 10,000 డాలర్లు. నియమాల్లో ఒకటి చూసి నవ్వాగలేదు. ఆ నాయకుడు 1917లోగానీ, ఆ తర్వాతగానీ పదవిలో ఉండాలట! అది కెనెడీ పుట్టిన సంవత్సరం. తీరా చూస్తే, పోటీకి మూలమైన ఆయన పుస్తకం ‘ప్రొఫైల్స్ ఇన్ కరేజ్’లోని ఎనిమిదిమంది సెనేటర్లలో ఆరుగురు అప్పటికే కాలం చేశారు.

వెన్నెముక ఆపరేషన్ తర్వాత మంచాన ఉన్నప్పుడు కెనెడీ మొదలుపెట్టిన పుస్తకమది. 1956లో వచ్చింది, మరుసటేడు పులిట్జర్ కొట్టేసింది. చాలా అధ్యాయాల తొలిప్రతి తనదేనని సహాయకుడు టెడ్ సోరెన్సెన్ 2008లో గానీ బయటపెట్టలేదు.

ఆ ఆరుగురిలో నాకు ఆసక్తి ఎడ్మండ్ రాస్ మీద. 1868 మే 16. అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్‌ను దించడానికి సెనేట్‌లో 36 ఓట్లు కావాలి. కాన్సాస్ సెనేటరు రాస్ తన వంతు వచ్చేదాకా కాగితాలు పీలికలుగా చింపుతూ కూర్చున్నాడు. ఒళ్లోనూ కాళ్ల దగ్గరా అవే. చివరికి సొంత పార్టీని కాదని ‘నిర్దోషి’ అన్నాడు. లెక్క 35–19 దగ్గర ఆగింది. కెనెడీకి అతను వీరుడు. కానీ ఓటేసిన కొద్ది వారాలకే తనవాళ్లకు ఉద్యోగాలిమ్మని జాన్సన్‌కు ఉత్తరాలు రాశాడు. లంచం ముట్టిందన్న అనుమానమూ నేటికీ తీరలేదు. కనీసం ఐదు ఆధారాలు చూపమనే పోటీలో పిల్లలు తవ్వాల్సింది ఇలాంటి కథనే. 1917 గీత దానికి అడ్డుపడింది. నా దృష్టిలో అది నష్టమే.

పిల్లలు చేయలేని పని ఒక పెద్దావిడ చేసింది. అదే పుస్తకంలోని మరో వీరుడు, సెనేటరు లామార్‌ను పొగిడే ఊపులో మిసిసిపీ గవర్నర్ ఆడెల్బర్ట్ ఏమ్స్‌ను కెనెడీ చెడ్డవాణ్ని చేశారు. ఏమ్స్ కూతురు బ్లాంచ్ ఊరుకోలేదు. దిద్దమంటూ ఉత్తరం మీద ఉత్తరం రాసింది. ఆయన అధ్యక్షుడయ్యాకా ఆపలేదు. చివరికి కెనెడీయే ఆవిడ మనవడు, రచయిత జార్జ్ ప్లింప్టన్‌ను పక్కకు పిలిచి, మీ అమ్మమ్మను కాస్త ఆపవయ్యా అని బతిమాలుకున్నారు. ఆవిడ ఆగలేదు సరికదా, తండ్రి జీవితచరిత్ర తనే రాసి 1964లో అచ్చువేయించింది. అప్పటికి ఆవిడ వయసు 80 దాటింది.